నాలుగు టైర్లూ కొత్తవి వేశాక ఇరుక్కున్న ఫోర్ వీల్: ఒక పాత పికప్ కేస్ స్టడీ

బండి డబుల్ క్యాబ్ డీజిల్ పికప్. 2.5 లీటర్ల టర్బో ఇంజిను, ఐదు గేర్ల మాన్యువల్, పార్ట్ టైమ్ ఫోర్ వీల్ (మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి, కావాలంటే లివరుతో ముందువి కూడా కలుపుకోవచ్చు), ముందు టోర్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనక కమాన్లు. మీటరు మీద 2,80,000 కిలోమీటర్లు దాటాయి. తెచ్చినాయన మూడో ఓనరు. అంతకు ముందు ఇద్దరి దగ్గరా ఏ పని ఎప్పుడు చేయించారో చెప్పే కాగితం ఒక్కటి కూడా లేదు. పైగా ఆయన వచ్చింది రిపేరుకు కాదు, అప్‌గ్రేడ్‌కు. మూడంగుళాల లిఫ్ట్ (బండిని ఎత్తు చేయడం), పెద్ద టైర్లు, స్నార్కెల్ (ఇంజినుకు గాలి పైనుంచి పీల్చే గొట్టం), వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), పైన లైట్ల బారు, అన్నిటికీ ఫోన్లో ఫోటోలు దాచుకుని మరీ వచ్చారు. "ముందు బండి కింద పడుకుని చూస్తానన్నా, పైన ఏం పెట్టాలో తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

ఇది రాయడానికి అసలు కారణం, బాగుచేస్తూ చేస్తూ నా చేతులతో నేనే బయటికి తెచ్చుకున్న ఒక ఫాల్టు. అది రావడానికి ముందు జరిగిన పనులు కూడా చెబుతాను, పాత ఫోర్ వీల్ పికప్ కొన్నవాళ్లెవరికైనా ఇవి తప్పవు కాబట్టి.

మొదటి రోజు ట్రయల్‌లో రెండు సంగతులు కనిపించాయి, రెండిటినీ తేలిగ్గా తీసుకున్నాను. ఒకటి, ముందు టైర్లు 265/70 ఆర్16, వెనకవి 245/70 ఆర్16, అంటే ముందువి కాస్త పెద్దవి. ఎవరో ఎక్కడో దొరికినవి దొరికినట్టు తగిలించారనుకుని నవ్వుకున్నాను. రెండోది, మీటరు 80 చూపిస్తుంటే ఫోన్ జీపీఎస్ 84 చూపించింది. ముసలి మీటరు కదా, సరేలే అనుకున్నాను. స్పీడోమీటర్లు మామూలుగా ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చూపిస్తాయి, తక్కువ చూపించవు. ఈ మాట నాకు తెలుసు, ఆ రోజు గుర్తు రాలేదు, అంతే. తడి మట్టిలో ఫోర్ హై (నాలుగు చక్రాలూ లాగే మామూలు వేగం గేరు) వేసి చూశాను, పడింది, తీస్తే వచ్చింది. ఫోర్ వీల్ ఓకే అని నోట్‌బుక్‌లో టిక్కు పెట్టాను.

తర్వాత ఛాసీ. పాత పికప్‌లో ఇంజిను చెడినా బాగుచేసుకోవచ్చు, ఛాసీ పోతే బండే పోయినట్టు, అందుకే చిన్న సుత్తి పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కొట్టుకుంటూ పోవడం నా అలవాటు. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది దబ్‌మంటుంది. కొత్తగా నల్లటి అండర్ కోటింగ్ పూసిన బండి అయితే ఇంకా అనుమానంగా చూస్తాను. దీనికీ పూసే ఉంది. కుడివైపు వెనక కమాను ముందు హ్యాంగర్‌కి కాస్త పైన సుత్తి మోత మారింది, స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిస్తే సగం దాకా దిగింది. లోపల చూస్తే ఛాసీ డొల్లలో తడి మట్టి గట్టిపడి కూర్చుంది. నీళ్లు పోవడానికి కంపెనీ పెట్టిన రంధ్రాలు మూసుకుపోయి, ఏళ్ల తరబడి ఆ మట్టి తడిని పట్టుకునే ఉంది. బయట నుంచి వచ్చిన తుప్పు కాదది, లోపలి నుంచి తినుకుంటూ వచ్చింది.

పాడైన ముక్కను మంచి ఇనుము వచ్చేదాకా కోసి, 4 మిల్లీమీటర్ల ప్లేటు వేశాను. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చతురస్రం ప్లేటు కోసి నాలుగు వైపులా తిన్నగా వెల్డింగ్ లాగేస్తారు. నిలువు వెల్డింగ్ గీత దగ్గర ఛాసీ బలం ఒక్కసారిగా మారిపోతుంది, బరువు మీద ఊగి ఊగి సరిగ్గా ఆ గీత పక్కనే పగులు వస్తుంది. అందుకే ప్లేటు రెండు చివర్లనూ ఏటవాలుగా, చేప నోరులా కోస్తాను, భారం కొంచెం కొంచెంగా సర్దుకుంటుంది. వెల్డింగ్‌కి ముందు డీజిల్ ట్యాంకు దించాను, బ్యాటరీ తీశాను, ఆల్టర్నేటర్ కనెక్షన్ కూడా. తర్వాత మట్టి అంతా కడిగి, రంధ్రాలు తెరిచి, రెండ్రోజులు ఆరబెట్టి లోపలికి వ్యాక్స్ కొట్టాం. ఈ ఒక్క పనికే నాలుగు రోజులు పట్టింది, ఓనరు గారికి ఫోటో తీసి చూపించడానికి ఏమీ లేదు, పాపం ఆయన మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఇంజిను సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆయిల్ మూత తెరిచి చూస్తే పొగ ఉఫ్ ఉఫ్ అని కొట్టడం లేదు, కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ దగ్గర దగ్గరగా వచ్చింది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలియదు, తెలియకపోతే మార్చనట్టే లెక్క. బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు ఒకేసారి వేశాం. ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ, పికప్ లేదు అన్నారు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోసు కింది వైపు చీలి ఉంది, ఆగి ఉన్నప్పుడు మూసుకుని ఉండి బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) వచ్చినప్పుడు మాత్రం నోరు తెరుస్తోంది. ఇంజెక్టర్లు మార్చాలని ఇంతకు ముందు ఎవరో చెప్పారట. హోసు మార్చాక పొగ పోయింది.

పొద్దున్నే స్టార్టింగ్ కష్టంగా ఉందంటే బ్యాటరీ రెండుసార్లు మార్చారట. మల్టీమీటరు ఒక కాలు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కాలు ఇంజిను బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాను, 1.4 వోల్టులు చూపించింది. అర వోల్టు దాటితేనే ఎక్కువ. ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉంది, కొత్తది వేసి, కింద రంగు గీకి బిగించాం. ఆ బ్యాటరీలు రెండూ మంచివే అయ్యుంటాయి.

బ్రేకుల్లో ఇనుప పైపులు మొత్తం మార్చాం, వెనక వీల్ సిలిండర్లు కారుతున్నాయి, అవీ కొత్తవే. లిఫ్ట్ చేయించుకునేవాళ్లు వినాల్సిన సంగతి ఒకటి ఇక్కడుంది. చాలా పాత పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి ఛాసీ మీది ఒక వాల్వుకు సన్నటి రాడ్డు ఉంటుంది. తొట్టిలో బరువు పడితే ఛాసీ కిందికి దిగుతుంది, ఆ రాడ్డు కదిలి వెనక బ్రేకులకు ప్రెషరు పెంచుతుంది, ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. కమాన్లు ఎత్తు చేస్తే ఆ వాల్వు దృష్టిలో తొట్టి ఎప్పుడూ ఖాళీయే. మనం నిండా లోడు వేసినా వెనక బ్రేకు సగమే పడుతుంది. లిఫ్ట్ కిట్టు పెట్టెలో దీని బ్రాకెట్ రాలేదంటే చేయించి పెట్టుకోవాల్సిందే.

లిఫ్ట్ గురించి ఓనరు గారితో చిన్న యుద్ధమే జరిగింది. ముందు టోర్షన్ బార్ బోల్టు తిప్పితే బండి లేస్తుంది కదా, ఖర్చు లేదు కదా అంటారాయన. లేస్తుంది. కానీ స్ప్రింగు బలం పెరగదు, చక్రం కిందికి దిగే ప్రయాణం తగ్గిపోతుంది, ముందు యాక్సిల్ షాఫ్టుల వంపు పెరిగి సీవీ బూట్లు (షాఫ్టు జాయింట్ల రబ్బరు తొడుగులు) చిరుగుతాయి. మూడంగుళాలకు వెళ్తే గుంటలో చక్రం గాల్లో వేలాడుతుంది, ఎందుకు లేపామో ఆ పనే జరగదు. చివరికి 40 మిల్లీమీటర్ల దగ్గర ఇద్దరం ఒప్పుకున్నాం. వెనక కమాన్ల పట్టీలు ఊడదీసి, విరిగిన రెండు మార్చి, కొత్త బుష్‌లు వేశాం. ముందు బాల్ జాయింట్లు, ఐడ్లర్ ఆర్మ్ మార్చాం.

స్నార్కెల్ కంటే ముందు చేయాల్సింది బ్రీదర్లు, అంటే గేర్ల పెట్టెలకు గాలి ఆడే దారులు. ముందు డిఫ్‌లో (డిఫరెన్షియల్, యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) ఆయిల్ తీస్తే పాలు కలిపిన కాఫీలా వచ్చింది. నడిచి నడిచి వేడెక్కిన డిఫ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని పీలుస్తుంది. బ్రీదరు మంచిగా ఉండి నీళ్లకు పైన ఉంటే గాలి పీలుస్తుంది, మూసుకుపోతే సీళ్ల పక్క నుంచి నీళ్లు లాగుతుంది. రెండు డిఫ్‌లకూ, గేర్‌బాక్స్‌కీ, ట్రాన్స్‌ఫర్ కేసుకూ (ఇంజిను తిప్పుడును ముందు, వెనక షాఫ్టులకు పంచే పెట్టె) సన్న గొట్టాలు వేసి ఇంజిను గదిలో పైదాకా తెచ్చి కట్టాం. డిఫ్‌లకు జీఎల్-5 రకం గేర్ ఆయిల్, గేర్‌బాక్స్‌కు జీఎల్-4 పోశాం. జీఎల్-5 మంచిదట కదా అని గేర్‌బాక్స్‌లో కూడా పోస్తే గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకు పడకపోవచ్చు. ఇంకోటి, డ్రెయిన్ బోల్టు తీసే ముందు ఆయిల్ పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. కిందది ఊడి ఆయిలంతా పోయాక పైది ఊడకపోతే ఎలా ఉంటుందో నాకు చాలా ఏళ్ల క్రితమే తెలిసొచ్చింది.

ఇక టైర్లు. నాలుగూ 265/70 ఆర్16 కొత్తవి వేశాం, అలైన్‌మెంట్ చేశాం, ఓనరు గారి మొహంలో మొదటిసారి వెలుగు వచ్చింది. ఎండిన కంకర దారిలో ఫోర్ హై వేసుకుని తిన్నగా పోయాను. వంద మీటర్లు పోయానో లేదో స్టీరింగు బిగిసింది, కింద నుంచి మూలుగుతున్నట్టు మోత, యాక్సిలరేటర్ వదిలితే బ్రేకు వేసినట్టు బండి ఆగిపోతోంది. టూ వీల్‌కి తీద్దామంటే లివరు రాదు. రెండు చేతులతో లాగాను, రాదు. రివర్స్ వేసి రెండు మీటర్లు వెనక్కి రాగానే టక్‌మని దానంతట అదే వచ్చేసింది.

పక్క సీట్లో కూర్చున్న ఓనరు గారు ఏమీ అనలేదు. కాసేపటికి "నేను తెచ్చినప్పుడు బాగానే ఉండేది కదా తమ్ముడూ" అన్నారు. మెకానిక్ జీవితంలో ఇంతకంటే ఇబ్బంది పెట్టే మాట ఇంకోటి లేదు.

పార్ట్ టైమ్ ఫోర్ వీల్‌లో ఈ బిగింపు కొత్తది కాదు. ముందు, వెనక షాఫ్టుల మధ్యలో వేగాల తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు, ఫోర్ హై వేయగానే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకదానికొకటి తాళం పడిపోతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తాళం ఒప్పుకోదు, ఆ తేడా షాఫ్టుల్లో మెలికలా పేరుకుంటుంది. బురదలో అయితే టైరు జారి మెలిక వదులుతుంది, గట్టి రోడ్డు మీద వదలదు. అందుకే తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయొద్దంటాం. కానీ నేను మలుపు తిరగలేదు, తిన్నగా పోయాను. అదీ కంకర మీద.

మొదట ట్రాన్స్‌ఫర్ కేసునే అనుమానించాను. గేరు జరిపే ఫోర్కు వంగిందేమో, చైన్ సాగిందేమో. ఆయిల్ తీసి చూస్తే శుభ్రంగా ఉంది, ఇనుప రజను లేదు. ముందు చక్రాలను షాఫ్టులకు కలిపే హబ్బులు ఊడదీశాను, గ్రీజు గట్టిపడి ఉంది, కడిగి పలచగా రాసి బిగించాను, తేడా లేదు. నాలుగు చక్రాలూ గాల్లోకి లేపి ఫోర్ హైలో నడిపితే అన్నీ హాయిగా తిరుగుతున్నాయి, చిన్న మోత కూడా లేదు. ఇదే నన్ను ఒక పూటంతా తప్పుదోవ పట్టించింది. గాల్లో ఉన్న చక్రం తన ఇష్టం వచ్చిన వేగంతో తిరుగుతుంది, దాన్ని ఆపే నేల లేదు, కాబట్టి ఈ జబ్బు స్టాండ్ల మీద కనిపించదు. ట్రాన్స్‌ఫర్ కేసు దించడానికి బోల్టులు వదులు చేయడం కూడా మొదలుపెట్టాను.

దారి చూపించింది స్పీడోమీటరే. కొత్త టైర్లతో మీటరు ఎంత తప్పు చూపిస్తోందో ఓనరుకు చెబుదామని జీపీఎస్‌తో చూశాను. కంపెనీ సైజు 245/70, దాని వ్యాసం 749 మిల్లీమీటర్లు. 265/70ది 777. తేడా 3.7 శాతం, అంటే మీటరు 80 చూపిస్తే నిజం 83 ఉండాలి. 87 వస్తోంది. టైర్లు మార్చకముందు, వెనక కంపెనీ సైజే ఉన్నప్పుడు, 84 వచ్చింది, అక్కడ అసలు తేడాయే ఉండకూడదు. మీటరుకు తిప్పుడు వచ్చేది ట్రాన్స్‌ఫర్ కేసు వెనక నుంచి. రెండుసార్లూ అదే ఐదు శాతం దగ్గర తప్పు ఉందంటే అది మీటరు ముసలితనం కాదు, వెనక యాక్సిల్లో ఏదో ఉంది.

సుద్దముక్క తీసుకున్నాను. ముందు చక్రాలకు చెక్కలు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, వెనక ఒక చక్రం లేపి రెండోది నేల మీదే ఉంచాను. ఓపెన్ డిఫ్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగగలిగేది) కాబట్టి ఒక చక్రాన్ని రెండు చుట్లు తిప్పితే క్రౌన్, అంటే డిఫ్ లోపలి పెద్ద గేరు, ఒక చుట్టు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టుకు షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే అదే డిఫ్ రేషియో. రెండు చుట్లకు లెక్కపెడితే 3.9, 4.1 మధ్య తేడా కంటికి ఆనదు, అందుకే 20 చుట్లు తిప్పాం. నేను చక్రం తిప్పుతుంటే మా కుర్రాడు కింద పడుకుని షాఫ్టు మీది సుద్దగీత లెక్కపెట్టాడు. "39 అయ్యి ఇంకొంచెం" అన్నాడు. నమ్మక మళ్లీ తిప్పాం, మళ్లీ అంతే. ముందుకు వెళ్లి హబ్బులు లాక్ చేసి, టూ వీల్‌లో పెట్టి, అలాగే ఒక చక్రం లేపి 20 తిప్పాం. 41, గీత మీద గీత పడింది.

ముందు డిఫ్ 4.1, వెనక డిఫ్ 3.909. ఎప్పుడో వెనక యాక్సిల్ పోతే, ఇంకో ఇంజినుతో వచ్చిన ఇదే రకం బండి నుంచి తీసి వేసుంటారు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, బోల్టులన్నీ కలుస్తాయి. డోర్ దగ్గరి ప్లేటు మీద యాక్సిల్ కోడు 4.1 అనే ఉంది, నేను చూసింది మాత్రం సుద్దగీత లెక్కపెట్టాకే.

అప్పుడు కాగితం మీద లెక్క వేస్తే నాకు నిజంగా నోట మాట రాలేదు. షాఫ్టు ఒక చుట్టు తిరిగితే, ముందు పెద్ద టైరుతో 4.1 మీద బండి 59.6 సెంటీమీటర్లు పోతుంది. వెనక చిన్న టైరుతో 3.909 మీద 60.2. తేడా ఒక శాతం. అంటే నేను నవ్వుకున్న ఆ వేర్వేరు టైర్లు దొరికినవి దొరికినట్టు తగిలించినవి కావు, ఎవరో కూర్చుని సైజులు కుదుర్చుకుని వేసినవి. పద్ధతి తప్పే, బ్రేకులకీ మంచిది కాదు, కానీ ఆ మనిషికి లెక్క తెలుసు. నేను నాలుగూ ఒకే సైజు వేసేసరికి ముందు 59.6, వెనక 62.5. వంద మీటర్లు పోవడానికి ముందు షాఫ్టు 168 చుట్లు తిరగాలి, వెనకది 160. తాళం పడిన రెండు షాఫ్టుల మధ్య ఎనిమిది చుట్ల తేడా. లివరు రాకపోవడంలో వింతేముంది.

రెండు దారులున్నాయి, ముందు డిఫ్‌ను 3.909 చేయడం, లేదా వెనకదాన్ని 4.1 చేయడం. టైరు పెద్దదైంది కాబట్టి బండికి పొట్టి గేరే (అంకె ఎక్కువ ఉన్న 4.1) కావాలి, లేకపోతే ఎత్తుల మీద క్లచ్ తినేస్తుంది. వెనకదే మార్చాం. యాక్సిల్ షాఫ్టులు లాగాలంటే మొన్న వేసిన కొత్త బ్రేకు పైపులు మళ్లీ ఊడదీయాలి, మళ్లీ గాలి తీయాలి. ఆ లేబరు నేను అడగలేదు, ఆయనా ఇస్తాననలేదు, అది న్యాయమే. తీసిన డిఫ్‌లో పళ్లు లెక్కపెట్టాం, క్రౌన్ 43, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్ 11. పెట్టిన దాంట్లో 41, 10. బ్యాక్‌లాష్ (రెండు గేర్ల పళ్ల మధ్య సందు) డయల్ గేజ్‌తో చూస్తే 0.15 మిల్లీమీటర్లు, రంగు పూసి పళ్ల ముద్ర చూసుకుని బిగించాం.

అదే కంకర దారి, ఫోర్ హై. వంద మీటర్లు, ఐదు వందలు. ఆగి రెండు వేళ్లతో లివరు లాగితే వచ్చేసింది. మీటరు 80, జీపీఎస్ 83.

ఒకే సైజు టైర్లయినా రెండు కొత్తవి, రెండు అరిగినవి వేసుకుని ఫోర్ వీల్ వాడేవాళ్లు ఉన్నారు. గాడి లోతు కొత్తదానికి 8 మిల్లీమీటర్లు, అరిగినదానికి 2 అనుకుంటే వ్యాసంలో 12 మిల్లీమీటర్లు తేడా, అంటే ఈ టైరుకు ఒకటిన్నర శాతం. ఈ బండికి మొదట ఉన్న పెద్ద, చిన్న టైర్ల జత కంటే ఎక్కువ తప్పు అది.

లైట్ల బారు పెట్టలేదు. హెడ్‌లైట్ బల్బు దగ్గర వోల్టేజి చూస్తే 10.8 ఉంది, ఆల్టర్నేటర్ మాత్రం 14 ఇస్తోంది. కరెంటంతా పాత స్విచ్చు లోంచి తిరిగి వస్తోంది. రిలేలు, మందం వైరు వేశాక 13.4 వచ్చింది. హాలోజన్‌కి వోల్టేజి కొంచెం తగ్గినా వెలుగు చాలా పడిపోతుంది, ఆ 10.8 దగ్గర వచ్చేది సగం వెలుగే. రాత్రి ఒకసారి నడిపి చూసి, ఇక బారు సంగతి ఆయనే ఎత్తలేదు. వించ్ మాత్రం ఇంకా అడుగుతున్నారు. ముందు అంత బరువు పెట్టాలంటే టోర్షన్ బార్లు మార్చాలని చెప్పాను, ఆలోచిస్తానన్నారు.

5,000 కిలోమీటర్ల తర్వాత బండి మళ్లీ వచ్చింది. రెండు డిఫ్‌ల ఆయిలూ శుభ్రంగా ఉంది, వెల్డింగ్ దగ్గర రంగు కూడా చెదరలేదు. ట్రాన్స్‌ఫర్ కేసు ముందు సీలు మాత్రం చెమ్మగిల్లుతోంది, ముందు షాఫ్టు క్రాసు జాయింటులో కాస్త ఆట వచ్చింది. నేను బిగిసిపోయిన బండిని నాలుగైదుసార్లు బలవంతంగా నడిపి చూసిన రోజుల ఫలితం అయ్యుంటుంది. ఆ రెండూ నా లెక్కలోనే మార్చి పంపాను.